ఉట్టిలో ముత్యాల తీగ

పచ్చి బఠాణీ గింజలను దారానికి గుచ్చి, కుండ అంచు మీద నుంచి కిందికి వేలాడదీస్తే ఎలా ఉంటుంది? ముత్యాల తీగ అచ్చం అలాగే ఉంటుంది. చూడగానే గింజలు అనిపిస్తాయి. కానీ అవి గింజలు కావు. కాయలూ కావు. అవి ఆకులు. ఉండలా గుండ్రంగా పెరిగిన ఆకులు.

పట్నాల్లో ఈ మొక్కను వసారాల్లో, కిటికీల దగ్గర వేలాడదీస్తున్నారు. నర్సరీ వాళ్లు దీన్ని స్ట్రింగ్ ఆఫ్ పర్ల్స్ అంటారు. ముత్యాల పేట అని ఆ మాటకు అర్థం. మొక్కల పుస్తకాల్లో దీని ఇంటిపేరు సెనెసియో.

ఈ మొక్క కొన్నవాళ్లలో చాలామంది ఒకే మాట చెబుతారు. "తెచ్చినప్పుడు ఎంతో బాగుంది. రెండు నెలలకే చచ్చిపోయింది. రోజూ నీళ్లు పోశాను గదా, ఎందుకు చచ్చింది?"

రోజూ నీళ్లు పోశారు కాబట్టే చచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. అది ఇంకా ముఖ్యం. ఈ ఆకులు చూడటానికి తినే గింజల్లా ఉంటాయి. కానీ తినేవి కావు. వాటిలో విషం ఉంది. ఇంట్లో పాకే పిల్ల ఉంటే, ఈ మొక్క కొనే ముందే ఆ సంగతి తెలియాలి. దాని గురించి కిందికి వెళ్లాక వివరంగా ఉంది. ముందు మొక్క అలవాట్లు చూద్దాం.

తీగ పుట్టిల్లు

ముత్యాల తీగ పుట్టిల్లు దక్షిణాఫ్రికా దేశం. అక్కడ వానలు తక్కువగా పడే చోట్ల ఇది పెరుగుతుంది. దాన్ని ఎవరూ నాటరు. ఎవరూ నీళ్లు పొయ్యరు. అక్కడ అది వేలాడదు కూడా. నేల మీద పాకుతుంది. పొదల కింద, రాళ్ల సందుల్లో ఉంటుంది. మధ్యాహ్నం ఎండ తగలకుండా పొద దానికి నీడ ఇస్తుంది. పాకుతూ పాకుతూ తీగ నేలకు తగిలిన చోటల్లా వేరు వేస్తుంది. మన చిలగడదుంప తీగ వేసినట్టే.

వాన ఎప్పుడో ఒకసారి పడుతుంది. పడ్డప్పుడు తీగ కడుపు నిండా నీళ్లు తాగుతుంది. ఆ నీళ్లను ఆకుల్లో దాచుకుంటుంది. మళ్లీ వాన వచ్చేదాకా ఆ నీళ్లతోనే బతుకుతుంది. మన కలబంద కూడా ఇంతే. కలబంద మట్టను విరిస్తే లోపల జిగురు నీరు కనబడుతుంది. ఆ నీరే కలబందను ఎండాకాలం గట్టెక్కిస్తుంది.

మరి ఆకు గుండ్రంగా ఎందుకు ఉంది? దీనికి జవాబు బట్టలు ఆరేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. తడి చీరను తీగ మీద పరిచి ఆరేస్తే గంటలో ఆరిపోతుంది. అదే చీరను ఉండ చుట్టి పక్కన పడేస్తే సాయంత్రానికి కూడా లోపల తడిగానే ఉంటుంది. నీళ్లు రెండింట్లోనూ సమానమే. కానీ పరిచిన చీరకు గాలి అంతటా తగులుతుంది. ఉండ చుట్టిన చీరకు పైపైన మాత్రమే తగులుతుంది. అరటి ఆకు పరిచిన చీర లాంటిది. ముత్యాల తీగ ఆకు ఉండ చుట్టిన చీర లాంటిది. లోపలి నీరు తొందరగా ఆరిపోదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మొక్కకు ఆకే వంటిల్లు. ఎండ వెలుతురు తగిలితేనే ఆకులో ఆహారం తయారవుతుంది. ఉండలా ఉంటే వెలుతురు పైన మాత్రమే పడుతుంది. లోపల చీకటి. దానికి ఈ మొక్క ఒక ఉపాయం చేసుకుంది. ఒక ఆకును వేళ్ల మధ్య పట్టుకుని దగ్గరగా చూడండి. ఒక పక్కన సన్నని గీత కనబడుతుంది. మిగతా ఆకు కంటే ఆ గీత కొంచెం ముదురు రంగులో, గాజులా ఉంటుంది. అది ఆకుకు కిటికీ. పెంకుటింట్లో చీకటి గదికి పైన ఒక అద్దం పెంకు వేస్తారు. గది నడుమకు వెలుతురు దిగుతుంది. ఈ గీత చేసే పనీ అదే. వెలుతురు ఆ గీతలోంచి ఆకు కడుపులోకి దిగుతుంది.

ఈ గీత ఇంకో పనికీ వస్తుంది. నీళ్లు ఎప్పుడు పొయ్యాలో అది చెబుతుంది.

నీళ్లు ఎప్పుడు పొయ్యాలి?

వారానికి ఇన్నిసార్లు అని లెక్క చెప్పడం కష్టం. రాయలసీమ ఎండ వేరు. కోస్తా ఉక్క వేరు. మట్టి కుండీ వేరు, ప్లాస్టిక్ కుండీ వేరు. వేసవిలో వారం పది రోజులకు ఒకసారి సరిపోవచ్చు. వానాకాలంలో మూడు వారాలైనా అవసరం రాకపోవచ్చు. అందుకే క్యాలెండరు చూసి పొయ్యకూడదు. మొక్కను చూసి పొయ్యాలి.

ఎలా చూడాలి? ఆకులు గుండ్రంగా, గట్టిగా, బిగువుగా ఉంటే వాటి కడుపు నిండా నీళ్లున్నాయని అర్థం. అప్పుడు పొయ్యకూడదు. ఆకులు కాస్త మెత్తబడి, పైన ముడతలు వచ్చి, ఆ కిటికీ గీత మూసుకుపోతున్నట్టు సన్నబడితే దాహం వేసిందని అర్థం. అప్పుడు ఇంకో పరీక్ష చెయ్యాలి. ఒక చీపురు పుల్ల తీసుకుని కుండీ మట్టిలో అడుగు దాకా గుచ్చి, కొద్దిసేపు ఉంచి తియ్యాలి. పుల్ల పొడిగా వస్తే నీళ్లు పొయ్యొచ్చు. తడిగా వచ్చినా, మట్టి అంటుకుని వచ్చినా ఇంకా ఆగాలి.

పోసేటప్పుడు మాత్రం పిసినారితనం వద్దు. కుండీ అడుగు చిల్లులోంచి నీళ్లు కారేదాకా పొయ్యాలి. మట్టంతా తడవాలి. కారిన నీళ్లు కింద పళ్లెంలో నిలిస్తే పారబొయ్యాలి. ఆ తర్వాత మళ్లీ మట్టి ఎండేదాకా ముట్టుకోవద్దు. రోజుకో చెంబు కొంచెం కొంచెం పొయ్యడం కంటే ఇది ఎంతో మేలు. దాని పుట్టింట్లో వాన అలాగే పడుతుంది గదా. ఒకసారి బాగా పడుతుంది. తర్వాత చాలా రోజులు పడదు.

నీళ్లు ఎక్కువైతే ఏమవుతుంది? వేళ్లకు కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ ఎప్పుడూ నీళ్లతో నిండి ఉంటే వేళ్లకు ఊపిరి ఆడదు. కుళ్లిపోతాయి. తీగ మొదలు నల్లబడి మెత్తబడుతుంది. ఆకులు పసుపుపచ్చగా, నీరుగారినట్టుగా అయి పిగులుతాయి.

చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. వేరు కుళ్లిన మొక్క ఆకులు కూడా ముడతలు పడతాయి. ఎందుకు? చుట్టూ నీళ్లున్నా తాగడానికి వేరు లేదు. పైన ఆకులు ఎండుతుంటాయి. అది చూసి "అయ్యో, ఎండిపోతోంది" అని ఇంకో చెంబు పోస్తారు. దాంతో పూర్తిగా పోతుంది. ముడతలు పడ్డ ఆకు, పొడి మట్టి కలిసి ఉంటే దాహం. ముడతలు పడ్డ ఆకు, తడి మట్టి కలిసి ఉంటే వేరు జబ్బు. ఈ రెంటికీ తేడా తెలిస్తే సగం మొక్కలు బతుకుతాయి.

వేరు జబ్బు వచ్చిన మొక్కకు మందు లేదు. కానీ పైన బాగున్న తీగ ఉంటే దాన్ని కత్తిరించి కొత్తగా నాటుకోవచ్చు. ఎలా నాటాలో చివర్లో ఉంది.

కుండీ, మట్టి

లోతు కుండీ వద్దు. దీని వేళ్లు లోతుకు పోవు. వెడల్పుగా, తక్కువ లోతున్న మట్టి మూకుడు లాంటిది మంచిది. లోతు కుండీలో అడుగు మట్టి ఎప్పటికీ ఆరదు. కుండీకి అడుగున చిల్లు ఉండి తీరాలి. చిల్లు లేని స్టీలు గిన్నెలో, పింగాణీ గిన్నెలో నాటితే ఎంత జాగ్రత్తగా ఉన్నా మొక్క దక్కదు.

మట్టి కుండీ అయితే పక్కల నుంచి కూడా తడి ఆరుతుంది. వేసవిలో కడవలో నీళ్లు చల్లబడేది అందుకే గదా. కడవ గోడల్లోంచి తడి బయటికి వస్తుంది. కుండీలోనూ అదే జరుగుతుంది. కాబట్టి ఈ మొక్కకు మట్టి కుండీయే నయం.

మట్టి విషయానికి వస్తే, నల్లరేగడి పనికిరాదు. అది పత్తికి మంచిది. ఈ తీగకు చావు. నల్లరేగడి నీటిని పట్టుకుని వదలదు. ఎండితే బిగుసుకుని బీటలు వారుతుంది. ఎర్రమట్టి ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు, చిన్నచిన్న ఇటుక ముక్కలు ఒక పాలు తీసుకోవాలి. బాగా చివికిన పశువుల ఎరువు ఒకటి రెండు గుప్పెళ్లు కలపాలి. ఇసుక కాస్త గరుగ్గా ఉండాలి. సముద్రపు ఇసుక వద్దు. అందులో ఉప్పు ఉంటుంది. కలిపిన మట్టిని కుండీలో నింపి ఒక చెంబు నీళ్లు పోసి చూడాలి. నీళ్లు పైన నిలవకుండా వెంటనే దిగిపోవాలి. నిలిస్తే ఇంకొంచెం ఇసుక, ఇటుక ముక్కలు కలపాలి.

నర్సరీలో చాలా మొక్కలను కొబ్బరి పొట్టులో పెంచుతారు. అది తేలిగ్గా ఉంటుంది, బండిలో వేసి పంపడం సులువు. కానీ కొబ్బరి పొట్టు నీటిని బాగా పీలుస్తుంది. వానాకాలంలో రోజుల తరబడి ఆరదు. కొన్న మొక్కను కొద్ది రోజులు ఇంటి గాలికి అలవాటు కానిచ్చి, తర్వాత ఈ మట్టిలోకి మార్చుకోవడం మంచిది.

ఎరువు ఎక్కువ అక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పిడికెడు చివికిన ఎరువు పైపైన వేస్తే చాలు. యూరియా వేస్తే తీగ సన్నగా సాగిపోయి బలహీనపడుతుంది.

ఎక్కడ పెట్టాలి?

పొద్దుటి ఎండ దీనికి ఇష్టం. తూర్పు వసారా ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. మధ్యాహ్నం ఎండ, ముఖ్యంగా మన ఏప్రిల్, మే నెలల ఎండ తగిలితే ఆకులు కాలిపోతాయి. అలాగని చీకటి గదిలో పెట్టినా బతకదు. తీగ సన్నబడుతుంది. ఆకుకూ ఆకుకూ మధ్య ఎడం పెరుగుతుంది. గదిలో దీపం వెయ్యకుండా పుస్తకం చదవగలిగేంత వెలుతురు పగలంతా ఉంటే సరిపోతుంది.

ఇంకో చిన్న సంగతి ఉంది. ఇది నర్సరీలో కూడా ఎవరూ చెప్పరు. వెలుతురు కిందికి వేలాడే తీగల మీద పడితే చాలదు. కుండీ పైభాగం మీద, మట్టి మీద కూడా పడాలి. కుండీని పైకప్పుకు బాగా దగ్గరగా కడితే పైన నీడ పడుతుంది. కొన్నాళ్లకు కుండీ నడినెత్తి బోడి అవుతుంది. కింద తీగలు మాత్రం ఉంటాయి. కుండీకీ కప్పుకూ మధ్య రెండు మూడు అడుగుల ఎడం ఉంటే ఆ బాధ ఉండదు. అప్పటికే బోడి అయితే, పొడుగు తీగ ఒకటి కత్తిరించి మట్టి మీద చుట్టగా పరచాలి. వేళ్లు వేసి మళ్లీ నిండుతుంది.

వానాకాలంలో వాన జల్లు తగలని చోటికి మార్చాలి. మూడు రోజులు ముసురు పట్టి తడిసిందంటే ఈ తీగకు గండమే. కోస్తా జిల్లాల్లో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ గాలి ఆడే చోట పెట్టాలి. నీళ్లు ఇంకా తగ్గించాలి.

విషం సంగతి

ఇప్పుడు ముఖ్యమైన మాట.

సెనెసియో జాతి మొక్కల్లో కాలేయాన్ని చెడగొట్టే విష పదార్థాలు ఉంటాయి. వాటిని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అంటారు. పేరు పలకడం కష్టం. పలకకపోయినా నష్టం లేదు. అవి ఏం చేస్తాయో తెలిస్తే చాలు. ఈ విషం కడుపులోకి పోతే కాలేయం లోపల ఉండే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. కొంచెం కొంచెంగా చాలా రోజులు లోపలికి పోతే పొట్ట నీరు పట్టి ఉబ్బుతుంది. మనిషి ప్రాణానికే ముప్పు రావచ్చు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పేది కాదు. దక్షిణాఫ్రికాలోనే ఇలా జరిగింది. అక్కడ గోధుమ చేలల్లో సెనెసియో జాతి కలుపు మొక్కలు పెరిగాయి. గోధుమలతో పాటు వాటి గింజలూ కలిసిపోయాయి. ఆ పిండితో చేసిన రొట్టెలు తిన్న పేదవాళ్లకు పొట్టలు ఉబ్బాయి. కాలేయం పాడై కొందరు చనిపోయారు. ఇద్దరు డాక్టర్లు 1920లో ఈ సంగతి వైద్య పత్రికలో రాశారు.

మన దేశంలో కూడా ఇలాంటిది జరిగింది. కాకపోతే మొక్క వేరు. 1970లలో సర్గుజా జిల్లాలో పల్లె జనానికి పొట్టలు ఉబ్బే జబ్బు వచ్చింది. ఆ జిల్లా అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కూడా దీనిపై పరిశోధన చేశారు. అక్కడివాళ్లు తినే సామల్లో ఒక కలుపు మొక్క గింజలు కలిశాయని తేలింది. అది మన జనుముకు చుట్టం. ఎండిన కాయను ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. ఆ గింజల్లో ఉన్నదీ ఇదే రకం విషం. సామలు జల్లించి, చెరిగి, ఏరుకోకపోతే ఏం జరుగుతుందో ఆ పల్లెల్లో కనబడింది.

ఇంట్లో అలంకారానికి పెట్టుకున్న తీగను ఎవరూ వండుకోరు. పెద్దవాళ్లకు దీనితో భయం లేదు. ముట్టుకుంటే ఏమీ కాదు. తీగ తెగినప్పుడు వచ్చే రసం కొందరికి చర్మం మీద దురద పుట్టిస్తుంది. చేతులు కడుక్కుంటే చాలు. భయం అంతా చంటిపిల్లల గురించే. ఏడాది, రెండేళ్ల పిల్ల కనబడిన ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. ఎదురుగా బఠాణీ గింజ లాంటిది వేలాడుతుంటే ఊరుకుంటుందా?

పూర్వం ఇళ్లల్లో పెరుగు, వెన్న పిల్లికి అందకుండా ఉట్టి మీద పెట్టేవాళ్లు. ఈ తీగకూ ఉట్టే సరైన చోటు. నారతో గానీ, పాత చీర చింపి పేనిన తాడుతో గానీ ఉట్టి అల్లుకోవచ్చు. అయితే పాలకుండకూ ఈ కుండీకీ ఒక తేడా ఉంది. పాలకుండ పైనే ఉంటుంది. ఈ తీగ రోజు రోజుకూ కిందికి దిగుతుంది. రెండు మూడు అడుగులు దిగుతుంది. కుండీని ఎత్తులో కట్టాం గదా అని నిశ్చింతగా ఉంటే, ఆరు నెలలకు కొసలు పిల్ల చేతికి అందుతాయి. కింద మంచమో, కుర్చీయో ఉంటే ఇంకా ముందే అందుతాయి. అందుకని కొసలు ఎప్పటికప్పుడు కత్తిరించాలి. నేల మీద రాలిన ఆకులు రోజూ ఊడవాలి. చెత్తలో వేసినా పిల్లలకు దొరకకుండా వెయ్యాలి.

పిల్ల నోట్లో పెట్టుకుందని తెలిస్తే ఏం చెయ్యాలి? ముందు నోట్లో ఉన్నది వేలితో తీసెయ్యాలి. నోరు నీళ్లతో తుడవాలి. బలవంతంగా వాంతి చేయించకూడదు. ఉప్పు నీళ్లు తాగించకూడదు. ఒక తీగ ముక్కను కాగితంలో చుట్టుకుని, పిల్లను తీసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. మొక్కను చూస్తే డాక్టరుకు పని సులువవుతుంది. ఒకటి రెండు ఆకులు మింగితే వాంతులు, విరేచనాలు, మత్తు మాత్రమే రావచ్చు. కానీ ఎన్ని మింగిందో ఎవరు చూశారు? అందుకే ఇంట్లో కూర్చుని చూస్తూ ఉండొద్దు. పిల్ల మరీ నీరసంగా ఉంటే 108కి ఫోన్ చెయ్యాలి.

పిల్లులు, కుక్కలు, మేకలు, దూడలు తిన్నా ప్రమాదమే. కత్తిరించిన తీగలను పశువుల ముందు పడెయ్యకూడదు. యూరప్ దేశాల్లో దీని చుట్టం ఒకటి పచ్చిక బీళ్లలో కలుపుగా పెరుగుతుంది. దాన్ని తిని గుర్రాలు, ఆవులు చనిపోతుంటాయి. దాన్ని అదుపు చెయ్యడానికి బ్రిటన్‌లో 2003లో ఒక చట్టమే చేశారు.

ఏ మొక్క అయినా ఆకు రసం మందు అని చెప్పేవాళ్లు ఉంటారు. ఈ తీగ విషయంలో అలాంటి మాట వినొద్దు.

చామంతికి చుట్టం

ఇంత చెప్పాక ఇది ఏదో దుష్ట కుటుంబం అనుకునేరు. సెనెసియోలది చామంతి కుటుంబం. బంతి, పొద్దుతిరుగుడు, గట్ల మీద పెరిగే గడ్డిచామంతి అన్నీ ఆ కుటుంబమే. చేలను పాడుచేసే వయ్యారిభామ కూడా ఆ ఇంటిదే. ఏ కుటుంబంలోనైనా అందరూ ఒకేలా ఉండరు గదా.

ఈ కుటుంబానికి ఒక గుర్తు ఉంది. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి చాలా చిన్న పువ్వుల గుత్తి. పొద్దుతిరుగుడు పువ్వు నడుమ చూస్తే తెలుస్తుంది. అక్కడ ఒక్కో చిన్న పువ్వు ఒక్కో గింజ అవుతుంది. ముత్యాల తీగ పువ్వూ అంతే. తెల్లగా, చిన్న కుంచెలా ఉంటుంది. దాల్చినచెక్క లాంటి వాసన వస్తుంది. మన ఎండలకు చాలా ఇళ్లల్లో అది పుయ్యదు. పుయ్యకపోయినా మొక్కకు జబ్బు ఉన్నట్టు కాదు.

సెనెసియో అనే పేరు లాటిన్ భాషది. ముసలివాడు అనే మాట నుంచి వచ్చింది. గింజలకు తెల్లని నూగు ఉంటుంది. అది నెరిసిన జుట్టులా కనబడుతుంది. ఆ నూగుతోనే గింజ గాలిలో ఎగిరిపోతుంది. ముత్యాల తీగకు గోర్డన్ రౌలీ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త పేరు కలిపి సెనెసియో రౌలియానస్ అన్నారు. తర్వాత శాస్త్రవేత్తలు ఈ తీగను వేరే జాతిలోకి మార్చి కురియో అని పేరు పెట్టారు. నర్సరీ చీటీ మీద రెండు పేర్లలో ఏది ఉన్నా మొక్క ఒకటే.

దీనికి అక్కచెల్లెళ్లు ఉన్నాయి. ఒక తీగకు ఆకులు బుల్లి అరటికాయల్లా వంకర తిరిగి ఉంటాయి. అది ముత్యాల తీగ కంటే మొండిది. తొందరగా పెరుగుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు దానితో మొదలుపెట్టడమే మేలు. ఇంకొకటి వేలాడదు. నీలి రంగు సుద్దముక్కలను నిలబెట్టినట్టు ఉంటుంది. దానికి ఎండ కాస్త ఎక్కువ కావాలి. ఆకు మీద తెల్లని పొడి లాంటి పూత ఉంటుంది. అది ఆకుకు ఎండ నుంచి కాపుదల. వేలితో తుడిచెయ్యకూడదు. పిల్లల విషయంలో ముత్యాల తీగకు చెప్పిన జాగ్రత్తలే వీటికీ.

గుండె ఆకారం ఆకులతో వేలాడే తీగ కూడా ఒకటి అమ్ముతారు. అది వీటి చుట్టం కాదు. అది జిల్లేడు కుటుంబం.

పురుగు పడితే

ఎక్కువగా వచ్చేది పిండినల్లి. మందారానికి పట్టేదే. తీగ మీద, ఆకుల మొదట్లో తెల్లని దూది పింజల్లా కనబడుతుంది. మొక్క రసం పీల్చేస్తుంది. కొద్దిగా ఉంటే దూదిని స్పిరిట్‌లో ముంచి తుడిచేస్తే పోతుంది. ఎక్కువగా ఉంటే లీటరు నీళ్లకు ఒక చెంచా వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఎండలో చల్లితే ఆకులు మాడతాయి. వారం ఆగి మళ్లీ చల్లాలి. పురుగు పట్టిన కుండీని మిగతా కుండీలకు దూరంగా పెట్టాలి.

ఒక తీగ నుంచి పది

ఈ మొక్కను గింజలతో పెంచక్కర్లేదు. తీగ ముక్క చాలు. జానెడు పొడుగు ముక్కను కత్తిరించాలి. ఒక కొస నుంచి నాలుగైదు ఆకులు తుంచెయ్యాలి. కోసిన చోట తడి ఉంటుంది. వెంటనే నాటితే కుళ్లుతుంది. ఒకటి రెండు రోజులు నీడలో పెడితే ఆ గాయం ఆరుతుంది. తర్వాత, కాస్త తడిగా ఉన్న ఇసుక మట్టి మీద తీగను పడుకోబెట్టాలి. పాతిపెట్టక్కర్లేదు. మట్టికి ఆనుకుని ఉంటే చాలు. కదలకుండా జడ పిన్నులు గుచ్చితే సరి. ఎండ తగలని వెలుతురు చోట ఉంచి, పైమట్టి ఆరినప్పుడు కొద్దిగా నీళ్లు చిలకరించాలి. ముక్కకు వేళ్లు వచ్చేదాకా మాత్రమే ఇలా. మూడు నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. తీగను మెల్లగా లాగి చూస్తే తెలుస్తుంది. గట్టిగా పట్టుకుని ఉంటే వేళ్లు వచ్చినట్టే. అప్పటి నుంచి పెద్ద మొక్కకు చేసినట్టే చెయ్యాలి.

వానలు తగ్గాక, ఎండలు ముదరక ముందు ఈ పని చేస్తే ఎక్కువ ముక్కలు బతుకుతాయి. ఒకే కుండీలో పది ముక్కలు పరిస్తే ఏడాదిలో నిండుగా వేలాడుతుంది. ఒక్క ముక్కే నాటితే రెండేళ్లయినా పల్చగానే ఉంటుంది.

చుట్టుపక్కల వాళ్లు ముక్క అడుగుతారు. ఇచ్చేటప్పుడు నీళ్ల సంగతి, విషం సంగతి రెండూ చెప్పి ఇవ్వాలి. ఇంట్లో పాకే పిల్ల ఉన్నవాళ్లు అడిగితే, పిల్ల కాస్త పెద్దదయ్యాక తీసుకువెళ్లమనొచ్చు. తీగ ఎక్కడికీ పోదు. కొసలు కత్తిరించినప్పుడల్లా ముక్కలు వస్తూనే ఉంటాయి.